బెంగకు లేని సిగ్గు

హాస్టల్లో చేరిన పదేళ్ల పిల్లవాడు అన్నం మానేశాడు, జ్వరం తెచ్చుకున్నాడు, రాత్రుళ్లు ఏడుస్తున్నాడు అని కబురొస్తే ఇంట్లోవాళ్లు ఏమంటారు? 'బెంగ పెట్టుకున్నాడు' అంటారు. ఆ మాట అన్నందుకు ఎవరూ తలదించుకోరు. వీధిలోవాళ్లకు తెలిస్తే పరువు పోతుందనుకోరు. తండ్రి బస్సెక్కి వెళ్తాడు, అమ్మమ్మ జంతికలు కట్టి పంపుతుంది, అవసరమైతే నాలుగు రోజులు ఇంటికి తెచ్చి అట్టిపెట్టుకుంటారు. కొత్తగా కాపురానికి వెళ్లిన పిల్లకూ, భర్త పోయిన ముసలమ్మకూ, చివరికి దూడను పోగొట్టుకున్న ఆవుకూ ఇదే మాట వాడతాం. తెలంగాణలో 'మనాది పెట్టుకున్నది' అంటారు. దిగులు, గుబులు, కలత అని ఇంకా ఎన్నో మాటలున్నాయి మనకు. మనసుకు దెబ్బ తగిలితే ఒళ్లు కుంగుతుందనీ, అది ఆ మనిషి చేసిన తప్పు కాదనీ, అయినవాళ్లు దగ్గరుంటే నెమ్మదిస్తుందనీ తెలుగువాళ్లకు ఏ శాస్త్రమూ చెప్పకముందే తెలుసు.

అదే పిల్లవాడు ఇరవై ఎనిమిదేళ్లవాడయ్యాడనుకోండి. ఉద్యోగం ఉంది, జీతం వస్తోంది. కానీ రెండు నెలలుగా తెల్లవారుజాము మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. తిండి సయించడం లేదు. స్నానానికి లేవడమే కొండెక్కినంత పనిగా ఉంది. తాను ఎందుకూ పనికిరానన్న ఆలోచన వదలడం లేదు. ఇప్పుడు మన నోటికి బెంగ అన్న మాట రాదు. 'డిప్రెషన్' అన్న కొత్త మాట వస్తుంది, దాని వెనకే 'పిచ్చి' అన్న పాత మాట వచ్చి నిలబడుతుంది. హైదరాబాదులో ఎర్రగడ్డ ఒక పేట. అక్కడ ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉన్న పాపానికి ఆ పేటపేరే తిట్టయి కూర్చుంది. ఏ గుండె ఆసుపత్రి ఉన్న ఊరికీ, ఏ కంటి ఆసుపత్రి ఉన్న వీధికీ ఈ గతి పట్టలేదు. అందుకే కుటుంబం మొదట 'నరాల బలహీనత' అని చెప్పుకుంటుంది. గుండె దడ అని ఈసీజీ తీయిస్తుంది, గ్యాస్ అని మాత్రలు మింగిస్తుంది, తలనొప్పి అని స్కానింగ్ చేయిస్తుంది. దిష్టి తీయిస్తుంది, తాయెత్తు కట్టిస్తుంది. మానసిక వైద్యుడి గడప తొక్కేసరికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచిపోతాయి. తొక్కినా పక్క ఊళ్లో తొక్కుతుంది, సొంత ఊళ్లో కాదు.

బెంగకు లేని సిగ్గు దీనికి ఎక్కడి నుంచి వచ్చింది, అది ఎలా పోతుంది అన్నది ఆలోచించాల్సిన విషయం. సిగ్గుపడవద్దని ఉపదేశిస్తే సిగ్గు పోదన్నది నా వాదన. బాధకు ఇంటిమాట దొరికినప్పుడు, బాగుపడిన మనిషి కళ్లెదుట కనిపించినప్పుడు, నయమయ్యే దారి నడిచి వెళ్లగలిగినంత దగ్గరలో ఉన్నప్పుడు అది కొంచెం కొంచెంగా పోతుంది. దీనికి దేశంలోనూ బయటా చాలినన్ని ఆధారాలున్నాయి. అందులో మనకు బాగా దగ్గరిదొకటి పశ్చిమ గోదావరి జిల్లా నుంచే వచ్చింది.

సమస్య ఎంత పెద్దదో ముందు చూద్దాం. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. తెలుగు రాష్ట్రాలు రెండూ ఆ పన్నెండింటిలో లేవు, కాబట్టి అంకెలను మనకు అచ్చంగా అన్వయించలేం. అయినా దేశం మొత్తం మీద పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా, కచ్చితంగా చెప్పాలంటే 10.6 శాతం మంది, ఆ సమయంలో ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని తేలింది. డిప్రెషన్ ఉన్నవాళ్లలో నూటికి దాదాపు 85 మందికి వైద్యం అందడం లేదని కూడా తేలింది. ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. వైద్యం అందకపోవడానికి సిగ్గే కారణమా, వైద్యులు లేకపోవడం కాదా? నిజమే. దేశంలో లక్షమందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేడు. ఉన్నవాళ్లలో ఎక్కువమంది నగరాల్లో ఉన్నారు. మందుల కోసం ఒక రోజు కూలి, రానుపోను బస్సు చార్జీలు పోగొట్టుకోలేని మనిషికి సిగ్గు గురించి పాఠం చెప్పడం అన్యాయం. కానీ ఈ రెండూ వేరువేరు కారణాలు కావు, ఒకదాన్నొకటి పెంచుకునేవి. వైద్యం దూరంగా ఉన్నచోట రోగం ముదిరి వీధికెక్కిన మనిషి మాత్రమే నలుగురికీ కనిపిస్తాడు. బాగుపడిన మనిషి ఎవరికీ కనిపించడు. దాంతో 'ఇది నయం కాదు' అన్న నమ్మకం గట్టిపడుతుంది, నయం కానిదాన్ని దాచిపెట్టడమే కుటుంబానికి తెలివైన పనిగా తోస్తుంది. దాచిపెట్టినందువల్ల అడిగేవాళ్లుండరు, అడిగేవాళ్లు లేనందువల్ల ప్రభుత్వాలు వైద్యులను వేయవు.

మరి సిగ్గు పోగొట్టడానికి ఇంతకాలం చేసిందేమిటి? 'ఇదీ షుగరు, బీపీ లాంటి జబ్బే, మెదడులో రసాయనాల తేడా' అని చెప్పడం. మంచి ఉద్దేశంతో చెప్పిన మాటే, చాలామంది రోగులకు ఊరట ఇచ్చిన మాటే. కానీ సమాజం మీద దాని ఫలితం ఏమిటో అమెరికాలో కొలిచి చూశారు. సామాజిక శాస్త్రవేత్త బెర్నీస్ పెస్కోసోలిడో, ఆమె సహచరులు 1996లో ఒకసారి, 2006లో మరోసారి ప్రజాభిప్రాయాన్ని పోల్చారు. పదేళ్లలో ఇది మెదడుకు సంబంధించిన జబ్బేనని నమ్మేవారు పెరిగారు, వైద్యం చేయించుకోవాలనేవారూ పెరిగారు. కానీ అలాంటి మనిషిని పొరుగింట్లో ఉండనివ్వడానికీ, తోటి ఉద్యోగిగా ఒప్పుకోవడానికీ, ఇంటికి వియ్యమందడానికీ ఉన్న జంకు మాత్రం తగ్గలేదు. ఎందుకో మన సమాజంలో ఉన్నవాళ్లకు ఊహించడం కష్టం కాదు. మెదడులోనే లోపముందంటే అది ఒక్క మనిషితో ఆగదు, 'వాళ్ల వంశంలోనే ఉందట' అన్న మాటగా మారుతుంది. చెల్లెలి పెళ్లికి అడ్డొస్తుంది. షుగరుతో పోలిక చెప్పినవాళ్లు మరిచిన సంగతి ఒకటుంది. షుగరుకు సిగ్గు లేకపోవడానికి కారణం దాని గురించిన విజ్ఞానం కాదు. ప్రతి ఇంట్లోనూ ఒక షుగరు పేషెంటు ఉంటాడు, పెళ్లి భోజనాల్లో కూర్చుని 'నాకు స్వీటు వద్దమ్మా' అని పైకే అంటాడు, మాత్ర వేసుకుని మళ్లీ పొలం వెళ్తాడు. దాన్ని మామూలు చేసింది అలా రోజూ కళ్లబడటమే.

పరిశోధనలూ ఈ కళ్లబడటంవైపే వేలు చూపిస్తున్నాయి. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పాట్రిక్ కారిగన్ బృందం 2012లో 14 దేశాల్లో జరిగిన 72 అధ్యయనాలను కలిపి విశ్లేషించింది. విషయం బోధించడమూ పనిచేస్తుందనీ, కానీ పెద్దవాళ్ల విషయంలో అంతకంటే బాగా పనిచేసేది ఆ బాధ పడి కోలుకున్న మనిషిని ముఖాముఖి కలవడమనీ తేల్చింది. పిల్లల్లో మాత్రం బోధనే మెరుగని తేలింది. ఇది బడులకు పనికొచ్చే సంగతి. పదేళ్ల తర్వాత, 2022లో, లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం ప్రపంచవ్యాప్త ఆధారాలను మళ్లీ జల్లెడ పట్టి, ముఖాముఖి కలవడమే బాగా పనిచేస్తుందన్న నిర్ణయానికే వచ్చింది. ఆ సంఘంలో స్వయంగా మానసిక వ్యాధి అనుభవించినవాళ్లూ ఉన్నారు. మన దేశంలో ఈ సంగతిని పరిశోధన పేరు పెట్టకుండానే 1950లలో ఒక వైద్యుడు చేసి చూపించాడు. అమృత్‌సర్ మానసిక వైద్యశాల సూపరింటెండెంట్ డాక్టర్ విద్యాసాగర్. ఆసుపత్రిలో చోటు లేక ఆవరణలో గుడారాలు వేయించి, రోగితోపాటు కుటుంబాన్నీ అక్కడే ఉండమన్నాడు. వాళ్లు తమ మనిషి రోజురోజుకూ తేరుకోవడం చూశారు, పక్క గుడారంలోని మనిషి తేరుకోవడమూ చూశారు. మనిషిని ఆసుపత్రిలో వదిలేసి వెళ్లిపోవాలన్న ఆలోచన ఆ గుడారాల్లో నిలవలేదు. ఇంటికి తీసుకెళ్లారు, ఊళ్లో కనిపించిన మరో రోగి కుటుంబానికి తామే దారి చెప్పారు.

ఇక పశ్చిమ గోదావరి. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ అనే పరిశోధన సంస్థ గత దశాబ్దంలో అక్కడి గ్రామాల్లో ఒక ప్రయత్నం చేసింది. అందులో కొత్త మందు లేదు, కొత్త యంత్రం అంటే ఆశా కార్యకర్త చేతిలో ఒక ట్యాబ్ మాత్రమే. ముందుగా ఊళ్లో సిగ్గు గురించి మాట్లాడారు. ఇంటింటికీ వెళ్లారు, నాటకం ఆడించారు, మానసిక బాధ పడిన మనిషి తన కథ తానే చెప్పిన వీడియో చూపించారు. ఆ తర్వాత ఆశా కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి నిద్ర ఎలా ఉంది, పనిమీద మనసు పోతోందా, బతుకు మీద విరక్తి కలుగుతోందా అని వరుసగా అడిగారు. ఇబ్బంది ఉన్నట్టు తేలినవాళ్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరికి పంపారు. ముందు 30 గిరిజన గ్రామాల్లో 5,007 మందిని ఇలా పలకరిస్తే 238 మంది కష్టంలో ఉన్నట్టు తేలింది. అంతకుముందు వాళ్లలో ఇలాంటి బాధకు వైద్యం కోరినవారు 0.8 శాతం, అంటే వేళ్ల మీద లెక్కపెట్టడానికి కూడా చాలనంత మంది. ఆ తర్వాత వైద్యం తీసుకున్నవారు 12.6 శాతం. ఇది గొప్ప విజయమని చెప్పను. ఎనిమిదింట ఏడుగురు ఇంకా వెళ్లలేదు. పోల్చిచూడ్డానికి వేరే గ్రామాలు లేని ప్రయత్నమన్న పరిమితీ దానికుంది. కానీ దాదాపు ఎవరూ వెళ్లని చోట పదిలో ఒకరికి మించి వెళ్లడం మొదలైంది. ప్రచారం ముగిసి రెండేళ్లయ్యాక మళ్లీ వెళ్లి అడిగినప్పుడు కూడా జనం వైఖరిలో వచ్చిన మంచి మార్పు నిలిచే ఉందని ఆ బృందం రాసింది. తర్వాత ఆంధ్రప్రదేశ్‌తోపాటు హరియాణాలోనూ పెద్ద ఎత్తున, ఇతర గ్రామాలతో పోల్చి పరీక్షించారు.

ఇందులో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది అడిగిన మనిషి ఎవరన్నది. ఆశా కార్యకర్త ఊరి కోడలో, ఊరి కూతురో. గర్భిణికి మాత్రలిచ్చేదీ, పిల్లలకు టీకాలు గుర్తుచేసేదీ ఆమే. ఆమె ఇంటికొస్తే వీధిలో ఎవరూ కిటికీలోంచి తొంగిచూడరు. ఆమె అడిగిన ప్రశ్నల్లో 'డిప్రెషన్' అన్న మాట రావాల్సిన పనే లేదు. ఇదే సూత్రాన్ని మరో ఖండంలో జింబాబ్వే నిరూపించింది. డాక్టర్ డిక్సన్ చిబాండా 2006లో హరారే నగరంలోని ఎంబారే పేటలో 14 మంది అవ్వలతో ఒక పని మొదలుపెట్టాడు. క్లినిక్ ఆవరణలో చెట్టు కింద బెంచీ వేశాడు. అవ్వ కూర్చుంటుంది, బాధలో ఉన్న మనిషి వచ్చి పక్కన కూర్చుంటాడు. మొదట ఆ బెంచీకి మానసిక ఆరోగ్యం పేరు పెడితే ఎవరూ రాలేదు. పేరును 'స్నేహపు బెంచీ'గా మార్చాక జనం వచ్చారు. అక్కడి షోనా భాషలో ఆ బాధకు 'కుఫుంగిసిసా' అని మాట ఉంది. అతిగా ఆలోచించడం అని దానర్థం. 'ఆలోచనలు ఎక్కువైపోయాయి డాక్టరుగారూ' అని మన ఊళ్లల్లో చెప్పే మాట సరిగ్గా ఇదే. 24 క్లినిక్కుల్లో 573 మందితో జరిపిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. ఆరు నెలల తర్వాత డిప్రెషన్ లక్షణాలు మిగిలినవాళ్లు మామూలు వైద్యం పొందినవారిలో సగం మంది, అవ్వల దగ్గర కూర్చున్నవారిలో 14 శాతం. మన గోవాలోనూ మానసిక వైద్యంలో ఏ డిగ్రీ లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్లతో ఆరు నుంచి ఎనిమిదిసార్లు మాట్లాడించారు. 2017లో లాన్సెట్‌లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం మూడు నెలలకు కోలుకున్నవారు వాళ్లలో 64 శాతం, మామూలు వైద్యం మాత్రమే పొందినవాళ్లలో 39 శాతం.

ఆ గోవా పద్ధతిలో చేసిందేమిటో తెలిస్తే మనం రోజూ చెప్పే ధైర్యంలో లోపమెక్కడుందో అర్థమవుతుంది. మన దగ్గర ఓదార్పు అంటే నాలుగు వాక్యాలు. 'ధైర్యంగా ఉండు', 'ఎక్కువగా ఆలోచించకు', 'నీకేం తక్కువ', 'నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా'. చెప్పేవాళ్ల ప్రేమను శంకించను. కానీ డిప్రెషన్ మొట్టమొదట తినేసేది ఆ ధైర్యాన్నే, పూనికనే. కాలు విరిగినవాణ్ని లేచి నడువు, అప్పుడు కాలు బాగవుతుంది అన్నట్టుంటుంది ఆ సలహా. నడవలేకపోయినందుకు అతను తనను తానే తిట్టుకుంటాడు. 'నీకేం తక్కువ' అన్న మాటకు బాధపడే హక్కు నీకు లేదు అన్న అర్థం వినిపిస్తుంది. తర్వాత అతను మనతో చెప్పడం మానేస్తాడు. అది మనకు బాగుపడినట్టు కనిపిస్తుంది. గోవాలో సలహాదారులు ధైర్యం నూరిపోయలేదు. ఆ మనిషి మానేసిన చిన్న పనుల్లో ఒకటి ఎంచుకుని, దాన్ని రేపు పొద్దున ఎప్పుడు, ఎవరితో చేస్తాడో మాట్లాడుకున్నారు. వాకిట్లోకి వచ్చి పది నిమిషాలు కూర్చోవడం, చెల్లెలికి ఫోను చేయడం, మొక్కలకు నీళ్లు పోయడం లాంటివి. మనసు బాగుపడ్డాక పని చేయడం కాదు, చేతనైనంత పని చేస్తుంటే మనసు మెల్లగా వెనక్కి వస్తుందన్నది అందులోని కిటుకు. మన భాషలో దీనికి ధైర్యం కంటే మంచి మాటే ఉంది, తోడు. చీకట్లో నడవాల్సిన పిల్లకు భయపడకు అని చెప్పి పంపం, తోడు వెళ్తాం. 'నాకు పూర్తిగా అర్థం కాకపోవచ్చు, కానీ విన్నాను. డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను పద' అనడమే తోడు. మందుల విషయంలోనూ తోడు కావాలి. డిప్రెషన్ మందులు పనిచేయడం మొదలవడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, చిన్నచిన్న ఇబ్బందులు మాత్రం మొదటివారంలోనే వస్తాయి. చాలామంది ఆ మధ్యకాలంలోనే మానేస్తారు. 'అలవాటైపోతాయి' అన్న భయం కొన్నిరకాల నిద్రమాత్రల విషయంలో నిజం. డిప్రెషన్‌కు వాడే మందులు ఆ కోవలోవి కావు, కానీ వాటినీ డాక్టరును అడగకుండా ఉన్నట్టుండి ఆపకూడదు.

చావు ఆలోచనల సంగతికొచ్చేసరికి తోడు ఉండేవాళ్లకే నోరు పెగలదు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని భయం. ఈ భయాన్నీ పరీక్షించారు. 2014లో ప్రచురితమైన ఒక సమీక్ష అప్పటివరకూ జరిగిన అధ్యయనాలను చూసి, ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నాయా అని అడగడం వల్ల అవి పెరగవని, అడిగితే మనసు కొంత తేలికపడే అవకాశమే ఉందని చెప్పింది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అందులో 13,044 మంది విద్యార్థులు. ఇంత పెద్ద సంఖ్య ముందు మర్యాదకు పోయి అడక్కుండా ఉండడం నాకు అర్థం కాదు. నెమ్మదిగా, సూటిగా, ఒంటరిగా ఉన్నప్పుడు అడగవచ్చు. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా ఆ రోజే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. చట్టం కూడా ఇప్పుడు అడ్డు కాదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది. 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసే పాత సెక్షనే లేదు. కేసవుతుందని ఆసుపత్రికి తీసుకెళ్లకుండా దాచే కుటుంబాలు తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

ఇక పెద్దవాళ్ల అభ్యంతరం ఒకటుంది. మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా, కష్టం వస్తే ఏడ్చి ఊరుకునేవాళ్లం, ఇప్పుడు ప్రతి దిగులుకూ జబ్బు పేరు పెట్టి మాత్రలు మింగిస్తున్నారు అని. ఇందులో సగం నిజముంది, ఆ సగాన్ని కొట్టిపారేయకూడదు. మనిషి పోతే ఏడవడం జబ్బు కాదు. పంట పోయి అప్పు మిగిలిన రైతుకు కావలసింది ముందు అప్పునుంచి ఊరట. ర్యాంకును బట్టి పిల్లల్ని సెక్షన్లుగా విడగొట్టి, మార్కులు తగ్గినవాణ్ని అందరి ముందూ నిలబెట్టే కాలేజీలో కౌన్సెలర్ని వేసినంతమాత్రాన సరిపోదు. 2025 జులైలో సుప్రీంకోర్టు ఇదే అన్నది. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో తీర్పు ఇస్తూ దేశమంతటికీ 15 మార్గదర్శకాలు జారీ చేసింది. వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కౌన్సెలర్ ఉండాలనడంతో ఆగలేదు. మార్కులను బట్టి బ్యాచులు విడగొట్టడం, బహిరంగంగా అవమానించడం మానాలని కూడా చెప్పింది. మనసు బాధకు మనిషి బయట ఉన్న కారణాలను పోగొట్టడం కూడా వైద్యమే. కానీ అభ్యంతరంలోని రెండో సగం తప్పు. రెండు వారాలు దాటినా తిండీ నిద్రా పనీ కుదుటపడని మనిషిది ఏడ్చి ఊరుకునే దిగులు కాదు. ఆ కాలంలోనూ అలాంటివాళ్లున్నారు. వాళ్లకు 'గాలి సోకింది' అని పేరు పెట్టారు, బావి దగ్గరికి ఒంటరిగా పంపవద్దని ఇంట్లో గుసగుసగా చెప్పుకున్నారు, కొందరి పేర్లు ఆ తర్వాత ఇంట్లో ఎత్తనే లేదు.

నా వాదనకు నేనే చెప్పుకోవాల్సిన పరిమితి కూడా ఒకటుంది. బెంగ అన్న మాట అన్నిటికీ చాలదు. చెవిలో గొంతులు వినపడి, ఎవరో చంపడానికి వస్తున్నారని వణికే స్కిజోఫ్రీనియా రోగికి ఆ మాట వర్తించదు. పైగా డిప్రెషన్ గురించి మాట్లాడటం కొంచెం సులువైన చోట కూడా ఈ రోగులంటే భయం పెరిగింది. పెస్కోసోలిడో బృందమే 2018 వరకూ అమెరికా లెక్కలు మళ్లీ చూసినప్పుడు, డిప్రెషన్ పట్ల వెలి తగ్గింది కానీ స్కిజోఫ్రీనియా ఉన్నవారు ప్రమాదకరమన్న భావన పెరిగిందని తేలింది. మన సినిమాల్లో 'సైకో' అంటే హంతకుడే. నిజానికి తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవాళ్లలో అత్యధికులు ఎవరికీ హాని చేయరు, ఇతరుల చేతిలో హాని పొందేదే ఎక్కువ. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడి దర్గా దగ్గర ఒక ప్రైవేటు ఆశ్రయంలో మంటలు లేచినప్పుడు పాతికమందికి పైగా రోగులు కాలిపోయారు. గొలుసులతో కట్టేసి ఉన్నందువల్ల పారిపోలేకపోయారు. గొలుసులు వేయడాన్ని 2017 చట్టం నిషేధించింది. అయినా ఈ జబ్బు వచ్చిన మనిషిని ఇంటివాళ్లు గదిలో పెట్టి తాళం వేయడం ఆగిందని చెప్పలేం. సిగ్గు తగ్గిందని మనం సంతోషించాలంటే అది ఉద్యోగస్థుడి డిప్రెషన్‌తో ఆగకుండా ఆ తాళం వేసిన గది దాకా వెళ్లాలి.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం మరొకటి. కోలుకున్నవాళ్లు బయటికి చెబితేనే సిగ్గు పోతుందంటే, అసలే దెబ్బతిన్న మనిషి మీద ఇంకో బరువు పెట్టడం కాదా? చెప్పినందుకు ఉద్యోగం పోతే, సంబంధం తప్పిపోతే ఎవరు పూచీ? ఈ ప్రశ్నకు తేలిక జవాబు లేదు. ఎవరినీ చెప్పమని ఒత్తిడి చేయకూడదు, వైద్య వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు చట్టమే ఇచ్చింది. ముందుగా చెప్పాల్సింది పోగొట్టుకోవడానికి తక్కువ ఉన్నవాళ్లు. 2015లో హిందీ సినిమా నటి దీపికా పదుకొణె తన డిప్రెషన్ గురించి టీవీలో చెప్పినప్పుడు దేశంలో ఆ మాట పైకి రావడానికి వీలు కలిగింది, అందుకు ఆమెకు కృతజ్ఞత చెప్పాలి. అయితే సినిమా తార చెబితే 'డబ్బున్నవాళ్ల జబ్బు' అని పక్కన పెట్టేవాళ్లూ ఉన్నారు. రిటైరైన హెడ్మాస్టరు, పిల్లల పెళ్లిళ్లు అయిపోయిన పెద్దాయన, ఊళ్లో పేరున్న డాక్టరు, డ్వాక్రా సంఘం నాయకురాలు చెబితే ఆ పేటలో దాని బరువు వేరు. 'ఫలానా ఏడు నాకు చాలా కష్టంగా గడిచింది, మందులు వాడాను, బాగయ్యాను' అన్న మూడు ముక్కలు అరుగుమీద కూర్చుని షుగరు గురించి చెప్పుకున్నంత మామూలుగా అంటే చాలు. మగవాళ్లు మరీ ముఖ్యంగా చెప్పాలి. ఆత్మహత్య చేసుకుంటున్నవాళ్లలో ప్రతి పదిమందిలో ఏడుగురు వాళ్లే, నోరు విప్పడం చేతకానితనమని చిన్నప్పటినుంచీ నూరిపోసింది వాళ్లకే.

ఈ మధ్యకాలంలో దారి కొంత దగ్గరైంది కూడా. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవను ప్రారంభించింది. 14416కు ఏ వేళ ఫోను చేసినా డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడతారు. బాధపడుతున్న మనిషే చేయాలని లేదు, ఏం చేయాలో తోచని తల్లీ చేయవచ్చు, స్నేహితుడూ చేయవచ్చు. మీకు తెలిసినవాళ్లలో ఎవరైనా కొన్ని వారాలుగా మాట తగ్గించి, ఫోను ఎత్తడం మానేసి ఉంటే రేపటిదాకా ఆగకండి, ఈ రోజే వాళ్లింటికి వెళ్లండి. ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే వాళ్లతోపాటు మీరూ వెళ్లండి. ఓపీ చీటీ కోసం వరుసలో వాళ్ల బదులు మీరు నిలబడండి.